సుక్రి మామ్మ కాల్చని చాప

మా సుక్రి మామ్మను చూస్తే అడవికి అంటుకున్న నిప్పు కూడా వెనక్కి తిరిగి కొండెక్కిపోతుంది. ఎండాకాలంలో సూర్యుడు పనసగుడ మీదికి వచ్చేసరికి ఒక మబ్బు ముక్క అడ్డం పెట్టుకుంటాడు, ఎక్కడ ఈవిడ బిందె ఎత్తి తన నెత్తిన కుమ్మరిస్తుందోనని. మిణుగురులు ఆవిడ గుమ్మం దాటేదాకా దీపాలు ఆర్పుకుని ఎగురుతాయి. నమ్మనివాళ్ళు మా ఊరొచ్చి ఒక్క ప్లాస్టిక్ ప్లేటు కాల్చి చూడండి. చేతిలో అగ్గిపుల్ల ఆరకముందే మామ్మ మీ ముందుంటుంది.

మనిషి చూడబోతే చీపురు కట్టకు ఆకుపచ్చ కోటు తొడిగినట్టుంటుంది. ఆ కోటు పంచాయతీవాళ్ళు ఇచ్చింది. మెడలో ఈల, ముందు చెత్త రిక్షా. పనసగుడ అరకులోయకు కాస్త ఎడంగా, కాఫీ తోటల కింద ఉన్న చిన్న ఊరు. వలిసె పూలు పూసే రోజుల్లో ఊరివాళ్ళకంటే బయటినుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఆ పచ్చటి పొలాల్లో నిలబడి ఫోటోలు దిగుతారు, బొంగు చికెన్ తింటారు, కాఫీ తాగుతారు. తిన్న ప్లేటూ తాగిన కప్పూ అక్కడే వదిలేసి, మంచు భలే ఉందని చెప్పుకుంటూ వెళ్ళిపోతారు. వాళ్ళు వదిలిందంతా మామ్మ ఎత్తాలి.

ఆరుబయట చెత్త కాల్చరాదు, కాల్చినవారికి జరిమానా అని పంచాయతీ ఆఫీసు ముందు ఒక బోర్డుంది. మామ్మకు చదువు రాదు. అయినా రోజూ పొద్దున్నే కొంగుతో ఆ బోర్డు తుడుస్తుంది, దేవుడి పటం తుడిచినట్టు. కట్టెల మంటను ఆవిడ ఏమీ అనదు. చలి కాచుకునేవాళ్ళ పక్కన తానూ కూర్చుని చేతులు చాపుతుంది. కానీ అందులో ఒక కవరు గానీ, పాలప్యాకెట్టు గానీ పడి నల్లపొగ లేచిందా, ఇక అంతే. ఒకసారి వాగు గట్టు మీద గుడారాల్లో దిగిన పట్నం పిల్లలు మంట వేసుకుని, తిన్న ప్లేట్లన్నీ అందులోకి విసురుతున్నారు. మామ్మ బిందెతో వెళ్ళింది.

"ఆంటీ, ఇది క్యాంప్ ఫైర్ ఆంటీ!" అన్నాడొక అబ్బాయి, ఆవిడకేదో తెలియదనుకుని.

"ఏ పైరైనా నీల్లు పోత్తే ఆరతాది బాబూ," అంది మామ్మ, పోసేసి.

పంచాయతీ సెక్రటరీ మోహన్‌కృష్ణ కింద మైదానంనుంచి వచ్చిన కుర్రవాడు. మామ్మ పనితనం చూసి మురిసిపోయి, స్వాతంత్ర్య దినం నాడు శాలువా కప్పాడు. ఆ శాలువా కప్పుకుని మామ్మ బడి ముందునుంచి నడుస్తుంటే మేకలు కూడా పక్కకు తప్పుకున్నాయి. ఆవిడ ఇదంతా పంచాయతీ మీద భక్తితో చేస్తోందని సెక్రటరీ అనుకున్నాడు. ఊళ్ళో మాత్రం అసలు సంగతి అందరికీ తెలుసు. మామ్మ ఆర్పిన మంటలన్నీ మా తాత కోసమే.

తాత పేరు యర్రయ్య. ఒకప్పుడు సిల్వర్ ఓక్ చెట్లెక్కి మిరియాలు కోసేవాడు. నిచ్చెన లేకుండా ఎక్కి, పైనుంచి పాటలు పాడేవాడు. ఆ పాటలు వినలేకే మిరియాలు తొందరగా పండిపోయేవని మామ్మ అంటుంది. తర్వాత ఆయనకు ఆయాసం పట్టుకుంది. మొదట చెట్టెక్కలేకపోయాడు, తర్వాత కొండెక్కలేకపోయాడు, చివరికి ఇంటి అరుగెక్కడానికి కూడా మధ్యలో ఆగవలసి వచ్చేది. ఊపిరితిత్తులు పాడైపోయాయి, పొగ అన్నది దగ్గరికి రానివ్వకండని అరకు ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. నోట్లో కొట్టుకునే పంపు ఒకటి ఇచ్చాడు.

అప్పటిదాకా మామ్మ అడ్డపొగ తాగే మనిషి. అంటించిన చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, అలాగే నాట్లు వేసేది, అలాగే మనుషులను తిట్టేది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున వాకిట్లో నిలబడి, నోట్లో చుట్ట తీసి కాలితో నలిపేసింది. తాత ఎంత బతిమాలినా మళ్ళీ ముట్టలేదు. ఇంట్లో పొయ్యి పీకి, గాలి ఎటు వీచినా తాత వైపు రాకుండా పెరటి చివర పాక వేసి అందులో పెట్టింది. ఆ తర్వాత ఊరి మీద పడింది. పంచాయతీలో చెత్త ఎత్తే పని ఉందంటే అందరూ ముక్కు మూసుకుంటుంటే, ఆవిడ తానే వెళ్ళి అడిగి తీసుకుంది. చలికాలంలో మంచు దిగినప్పుడు మా లోయలో పొగ ఎక్కడికీ పోదు. మూత పెట్టిన కుండలో ఉన్నట్టు ఊరిమీదే ఉంటుంది. ఎవరి వాకిట్లో కవరు కాలినా ఆ పొగ తాత మంచం దాకా వచ్చేది, ఆయన దగ్గేవాడు. ఆ దగ్గు విని మామ్మ బిందె అందుకునేది.

"ఒలే, ఊరంతా నన్ను తిట్టుకుంటన్నారే," అనేవాడు తాత. "యర్రయ్య దగ్గితే బిందె వచ్చేత్తదని."

"తిట్టుకోనీ. నువ్వు దగ్గడం మానీ, నాను ఆర్పడం మానేత్తాను."

ఇలా నవ్వులాటగానే సాగిపోయేది, రత్న సంగతి జరగకపోయి ఉంటే.

రత్న మా ఎదురింటి మనిషి. మామ్మకు వరసకు కోడలు. ఏ రోజు ఏ కూర వండినా గిన్నెలు ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరుగుతూనే ఉండేవి. కిందటేడు చలికాలంలో రత్న పెనిమిటి మంగ్లు జ్వరం వచ్చి పోయాడు. మా ఊళ్ళో మనిషి పోతే, మూడో నాడు చాప కాలుస్తారు. పోయినవాళ్ళు చివరగా పడుకున్న చాప, కప్పుకున్న దుప్పటి, వేసుకున్న బట్టలు ఊరి చివర కుప్పపెట్టి, భార్య గానీ భర్త గానీ నిప్పు పెట్టాలి. ఆ పొగ పట్టుకునే పోయినవాళ్ళు కొండ దాటి పెద్దల దగ్గరికి వెళతారు. చాప కాలకపోతే మనిషి వెళ్ళడు, తన గుమ్మంలోనే కూర్చుని ఉంటాడు. మంట మధ్యలో ఆరిపోయినా అంతే. తడిసిన చాపకు రెండోసారి నిప్పు పెట్టే ఆనవాయితీ లేదు.

వెనక తుంగ చాపలూ నూలు బట్టలూ ఉండేవి కాబట్టి తెల్లటి పొగ వచ్చేది. ఇప్పుడు తుంగ చాపలు అల్లేవాళ్ళెక్కడున్నారు? మంగ్లు పడుకున్నది సంతలో కొన్న ప్లాస్టిక్ చాప, దాని మీద గుడారాలవాళ్ళు పారేసిన ఫోము పరుపు. కప్పుకున్నది నైలాను రగ్గు. చాపలు కాల్చే వాగు గట్టు మీదేమో గుడారాలు లేచాయి. వాటి మధ్య ఏం కాలుస్తామని, రత్న తన పశువుల పాక వెనక కుప్ప పెట్టింది. గుడారాల పనివాళ్ళు దొంగచాటుగా ప్లేట్లు కాల్చేది కూడా సరిగ్గా అక్కడే.

ఆ పొద్దున తాతకు ఊపిరి అందలేదు. పంపు కొట్టినా ఆగలేదు. కళ్ళు తేలేశాడు. మామ్మ బయటికి చూస్తే రత్న పాక వెనకనుంచి కాటుకలాంటి పొగ. చాప కాలేది ఎప్పటిలా వాగు గట్టునే అనుకున్న మామ్మకు, ఇది గుడారాలవాళ్ళ పనే అనిపించింది. రెండు చేతులా రెండు బిందెలు పట్టుకుని పరిగెత్తింది. పాక వెనక్కి తిరుగుతూనే, చూడకుండా, ఒకదాని తర్వాత ఒకటి కుమ్మరించింది. పొగ అణిగాక మనుషులు కనిపించారు. జుట్టు విరబోసుకుని రత్న, ఆమె పక్కన చావులకూ పండుగలకూ రోజు చూసి చెప్పే దిసారి స్వామి, నలుగురు చుట్టాలు.  సగం కాలిన చాప నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"సుక్రత్తా, మా ఆయన ఇప్పుడు ఎక్కడికెల్తాడు?" అంది రత్న.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు బదులు చెప్పడంలో మామ్మను మించినవాళ్ళు లేరు. ఇది తిట్టు కాదు. ఖాళీ బిందెలు రెండూ ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది. మర్నాడు కోడినీ బియ్యాన్నీ తీసుకుని రత్న గుమ్మంలో పెట్టి, చాలాసేపు నిలబడింది. రత్న తలుపు తీయలేదు. సాయంత్రానికి ఆ బియ్యం ఊరి కోళ్ళు తిన్నాయి. ఆ పొద్దునుంచి రెండిళ్ళ మధ్యా గిన్నెలు తిరగడం ఆగిపోయింది. మామ్మ రిక్షా తొక్కుకుంటూ వెళ్ళి ఈల ఊదితే రత్న చెత్త డబ్బా బయట పెట్టి లోపలికి పోయేది. ముఖం చూపించేది కాదు. ఆ గుమ్మం ముందు మామ్మ ఈల కూడా మెల్లగా ఊదేది.

ఈ సంగతి తాతను లోపల తొలిచింది. తన దగ్గు వల్లే మంగ్లు గుమ్మంలో ఉండిపోయాడని ఆయన బాధ. బాధ పడితే ఊరుకునే మనిషి కాదుగా, దాన్నీ నవ్వులాటే చేశాడు.

"ఒలే సుక్రీ. నా సాప కాల్సేరోజైనా బిందె ఇంట్లో పెట్టి రాయే."

"నోరు మూసుకో ముసిలోడా."

"మూసుకుంటాను గాని, మాటియ్యి. నాకు ఈ గుమ్మంలో కూకోడం ఇష్టం లేదు. బతికున్నంతకాలం దీన్లోనే కూకున్నాను. కొండెక్కి ఎన్నేల్లయింది! ఆ పొగట్టుకునైనా ఎక్కుతాను."

మామ్మ మాటిచ్చింది. చెయ్యిలో చెయ్యేసి మరీ ఇచ్చింది.

ఈ ఏడు వలిసె పూలు రాలిపోతున్న రోజుల్లో, తెల్లవారుతుండగా, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు తాత. ఆ పూట ఊళ్ళో ఎక్కడా ఏ మంటా లేదు. మంచు తప్ప ఇంకేమీ లేదు. మామ్మ మాత్రం ఇల్లిల్లూ తిరిగి వాకిళ్ళలో బూడిద వెతికింది, ఎవరో ఏదో కాల్చి ఉంటారని. ఎవరూ కాల్చలేదు. ఎవరినీ తప్పు పట్టడానికి లేకపోయేసరికి వచ్చి తాత కాళ్ళ దగ్గర కూలబడింది.

మూడో నాటికి ఆయన సామాను తీసి వాకిట్లో పెట్టారు. నీలం ప్లాస్టిక్ చాప. ఆసుపత్రికి తిరిగినప్పుడు ఎవరో దయతలచి ఇచ్చిన ఫోము పరుపు. పులి బొమ్మ ఉన్న నైలాను రగ్గు. రబ్బరు చెప్పులు, వానకు కప్పుకునే ప్లాస్టిక్ గుడ్డ, మందు పంపులు. వాటిని చూసి మామ్మ అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా ఏవి కాలితే తాత ఊపిరి ఆగిపోతుందని ఊరంతా పరుగులు పెట్టిందో, ఆయనవంటూ మిగిలినవి అవే.

సెక్రటరీ మోహన్‌కృష్ణ పలకరించడానికి వచ్చి, కుప్ప చూసి, తల దించుకుని మెల్లగా అన్నాడు. "మామ్మగారూ, మీరు కాల్చుకోండి. మీరు ఊరికి చేసినదానికి ఇదొక లెక్కా? ఈ ఒక్కపూటకీ నేనిటువైపు రానట్టే."

"కొత్త తుంగ చాప ఒకటి తెప్పించి కాల్సేద్దాం, నల్లపొగ రాదు," అన్నారు చుట్టాలు.

దిసారి స్వామి ఒప్పుకోలేదు. "పడుకోని సాప ఆయనదెలాగవుద్ది? ఒళ్ళు తగిలిన సాపే కాలాల. కాలకపోతే పైనెలల్లో ఇటుకల పండక్కి ఈ ఇంటి విత్తనం ఊరి విత్తనంలో కలపడానికి లేదు. గుమ్మంలో మనిషిని ఎట్టుకుని విత్తనం కలపరు."

అది చిన్న మాట కాదు. చైత్రంలో ఇటుకల పండుగకు ప్రతి ఇంటినుంచీ గుప్పెడు విత్తనాలు తెచ్చి ఒకే చేటలో కలిపి, దేవత ముందు పెట్టి, మళ్ళీ పంచుకుంటారు. ఆ చేటలో గింజ పడని ఇల్లు ఊళ్ళో ఉన్నా లేనట్టే. రత్న ఇంటి గింజ అప్పటికే ఒక పండుగ తప్పింది.

కుప్పను రత్న పాక వెనకే పేర్చారు, వేరే చోటు లేక. ఊరంతా వచ్చి నిలబడింది. మామ్మ బిందె ఇంట్లోనే వదిలి వచ్చింది. కోటు వేసుకోలేదు. చేతిలో అగ్గిపెట్టె ఉంది. పుల్ల గీయబోతూ తలెత్తి చూసింది. పాక చూరు కింద రత్న నిలబడి ఉంది. ఏడాది తర్వాత మొదటిసారి సూటిగా మామ్మ ముఖంలోకి చూస్తోంది.

"కాల్సు సుక్రత్తా," అంది రత్న. గొంతులో వెటకారం లేదు, దయా లేదు. "భయపడమాకు. నాను నీల్లు తేలేదు."

మామ్మ పుల్ల గీసింది. అది వెలిగింది. ఒక చేత్తో దానికి గాలి తగలకుండా అడ్డం పెట్టి, చాప అంచు దాకా వంగింది. తాతకిచ్చిన మాట ఒకపక్క, ఎదురుగా రత్న. పుల్ల వేళ్ళ దాకా కాలింది. మామ్మ వదల్లేదు, అంటించనూ లేదు. చివరికి దానంతటదే ఆరింది.

"నావల్ల కాదు," అంది మామ్మ.

"అదేటి?" అన్నాడు దిసారి.

"ఆల్లాయన్ని గుమ్మంలో కూకోబెట్టి, మా ఆయన్ని కొండ దాటించుకుంటానా? ఆ పొగ అట్టుకుని మా ముసిలోడు ఈ పాక మీదగానే ఎల్లాల. మంగ్లు సూత్తా ఉంటాడు. ఏ మొకం ఎట్టుకుని ఎల్తాడు?"

చుట్టాలు నచ్చజెప్పారు. దిసారి కోప్పడ్డాడు. మామ్మ కూతురు, మా అమ్మ, ఏడ్చింది, నాన్నకిచ్చిన మాటైనా నిలబెట్టుకోవా అని. మామ్మ ఇంటికి వెళ్ళి చెత్త రిక్షా తోసుకొచ్చింది. కుప్పలోంచి ఒక్కొక్కటే తీసి అందులో పెట్టడం మొదలుపెట్టింది. ఊళ్ళోవాళ్ళకు రోజూ అరిచి చెప్పే పద్ధతిలోనే, పరుపు ఒకపక్క, రబ్బరు చెప్పులు ఒకపక్క, మందు పంపులు వేరే సంచిలో. పులి బొమ్మ రగ్గును మాత్రం మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. దాన్ని ఏ సంచిలో వెయ్యాలో ఆవిడకు తెలియక కాదు.

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రత్న పాకలోకి వెళ్ళి, చూరులో దోపి ఉంచినదొకటి లాగి తెచ్చింది. మంగ్లు చాప. సగం కాలి, అంచులు కరిగి గట్టిపడిపోయి ఉంది. ఏడాదిగా పారేయలేక, మళ్ళీ కాల్చలేక అక్కడే పెట్టుకుంది. దాన్ని తెచ్చి తాత చాప మీద పడేసింది.

"దీన్నీ అట్టుకెల్లు."

మామ్మ రిక్షా ఎక్కలేకపోయింది. దిగి తోస్తోంది. చెత్త షెడ్డు ఊరి పైన ఉంది, దారంతా ఎత్తు. కొంతదూరం పోయాక బండి తేలికైనట్టనిపించి వెనక్కి చూస్తే, రత్న ఒక చెయ్యి వేసి నెడుతోంది.

"నా తప్పు ఒగ్గేసినావా రత్నా?" అని అడిగింది మామ్మ.

"లేదు," అంది రత్న. ఇంకొంచెం దూరం తోశాక మళ్ళీ అంది. "మా ఆయన ఏడాదిగా ఒక్కడే కూకున్నాడు. ఇప్పుడు ఎదురుగుమ్మంలో మనిషున్నాడు గదా. ఇద్దరూ సుట్టలు కాల్సుకుంటారు. మావకి ఇంక దగ్గెక్కడిది?"

మామ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. బండి అక్కడే ఆపి, హ్యాండిలు మీద తల పెట్టుకుని, తాత పోయిన తర్వాత మొదటిసారి గట్టిగా ఏడ్చింది. రత్న ఓదార్చలేదు. బండి వెనక్కి జారకుండా పట్టుకుని నిలబడింది.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. మామ్మ చిన్న చేటలో సామలు పోసుకుని, తెలిసి తెలిసీ, దేవత వాకిట్లోకి వెళ్ళింది. దిసారి ఆవిడ ముందునుంచి నడిచిపోయాడు. చేట అందుకోలేదు. అటు చివర రత్న కూడా తన చేటతో నిలబడి ఉంది. డప్పులు మోగుతున్నంతసేపూ ఇద్దరూ అలాగే నిలబడి, ఎవరి గింజలు వాళ్ళు ఇంటికి తెచ్చుకున్నారు. ఆ మర్నాడు పొద్దున్నే మామ్మ కోటు వేసుకుని ఈల ఊదుకుంటూ పనికి వెళ్ళింది. బోర్డు తుడిచింది. గుడారాల దగ్గర ఒక మంట ఆర్పింది. ఇప్పుడు ఆ పొగ వల్ల దగ్గేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. 

రోజూ అన్నం వార్చగానే మామ్మ మొదటి ముద్ద తీసి, ఆకులో పెట్టి, గుమ్మం పక్కన ఉంచుతుంది. ఇంట్లోకి వచ్చేవాళ్ళు మధ్యలో అడుగు పెట్టకుండా పక్కగా రావాలి. మర్చిపోతే కేక వేస్తుంది. నిన్న ఆవిడ ఆకు పెడుతుంటే, నేను గుమ్మంలోనే కాళ్ళు బారజాపుకుని ఇది రాస్తూ, ఊరుకోలేక అడిగాను.

"మామ్మా, తాత నిజంగా ఎల్లలేదంటావా? ఇక్కడే ఉన్నాడా?"

మామ్మ నా కాళ్ళ వంక చూసింది.

"ఎల్లకుండా ఆపింది నానే, కూడు పెట్టుకునేదీ నానే. మద్దిన నీకేటే? ఆయన సోట్లో కూకుని ఆయన్నే ఉన్నాడా అని అడుగుతావు. లెగు, పక్కకి జరుగు."